సీలెంట్ వేసేటప్పుడు పిల్లల పన్ను తడవకుండా ఉండాలంటే

ఆరేడేళ్ల పిల్లల కింది మోలార్లకు (దవడ పళ్లకు) వేసిన సీలెంట్, అంటే గాడుల్లో పుచ్చు పట్టకుండా వేసే పూత, నెలల్లోనే ఊడొస్తోంది, రబ్బర్ డ్యామ్ (పన్ను మాత్రమే బయటికి వచ్చేలా తొడిగే రబ్బరు తెర) అంటే పిల్లలు ఒప్పుకోరు, ఉన్నది ఒక్క అసిస్టెంటే అని ఒక డెంటిస్ట్ అన్నారు. మెటీరియల్ కంపెనీ మార్చాలా అని కూడా అడిగారు. అవసరం లేదు. ఇలా త్వరగా ఊడిందంటే ముందుగా అనుమానించాల్సింది ఉమ్మునే.

నోరు మొదటి నుంచి చివరి దాకా ఎండిపోయి ఉండాలని పట్టుపట్టకండి. బ్రష్‌తో గాడులు శుభ్రం చేసేటప్పుడు పన్ను తడిసినా నష్టం లేదు. ఎచింగ్ జెల్ (సీలెంట్ పట్టుకునేలా పన్నును గరుకుగా చేసే యాసిడ్) కడిగాక పన్ను ఆరబెట్టడం మొదలుపెట్టిన క్షణం నుంచి, సీలెంట్‌ను గట్టిపరిచే లైట్ ఆగే దాకా, అంటే సుమారు ఒక నిమిషం, అదే అసలు గండం. పిల్లల ఓపికంతా ఆ నిమిషానికి దాచిపెట్టండి. మొదట్లోనే కాటన్లు కుక్కి, నోరు పెద్దగా తెరువు తెరువు అని విసిగిస్తే తీరా అవసరమైనప్పుడు నోరు మూసేస్తారు.

37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామెల్‌లో కంటికి కనపడని రంధ్రాలు తెరుస్తుంది, సీలెంట్‌లోని రెజిన్ (లైట్‌తో గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఎచ్ చేసిన చోట ఉమ్ము ఒక్క సెకను తగిలినా అందులోని ప్రోటీన్లు ఆ రంధ్రాలను పూడ్చేస్తాయి. గాలి కొడితే నీళ్లు పోతాయి, ఆ పొర పోదు. పైకి పన్ను పొడిగానే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. నాలుక తగిలిందని అనుమానం వచ్చినా తుడిచి ముందుకు వెళ్లొద్దు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ 10 నుంచి 15 సెకన్లు ఎచ్ చేసి కొనసాగించండి.

ఎచింగ్‌కు ద్రవం కాకుండా జెల్ వాడండి. 15 నుంచి 30 సెకన్లు ఉంచాక నీళ్లు కొట్టే ముందే సక్షన్‌తో జెల్‌ను లాగేయండి. పుల్లటి యాసిడ్ నాలుకకు తగిలిందంటే ఉమ్ము ఊరడం ఎక్కువవుతుంది, పిల్లలు వెంటనే మింగబోతారు.

కడగడం అయ్యేసరికి కాటన్ రోల్స్ తడిసి ముద్దవుతాయి. వాటిని మార్చే ఆ రెండు మూడు సెకన్లలోనే ఎక్కువ పళ్లకు ఉమ్ము తగిలి పని పాడవుతుంది. పొడి రోల్స్ ముందే ట్వీజర్లలో సిద్ధంగా ఉండాలి. మీ ఎడమచేతి అద్దంతో నాలుకను పక్కకు పట్టి ఉంచండి. అసిస్టెంట్ సక్షన్ మొనను చివరి పన్ను వెనక ఆనించి అక్కడి నుంచి కదపకూడదు. నాలుక వైపు రోల్ ముందు మార్చి, బుగ్గ వైపుది తర్వాత మార్చండి. నాలుక వైపు రోల్ పెట్టేటప్పుడు పిల్లల్ని నాలుక పైకెత్తమనండి, రోల్‌ను కిందికి దొర్లించినట్టు నొక్కి, అప్పుడు నాలుక దించమనండి. ఎదుటి వైపు పళ్ల మధ్య మౌత్ ప్రాప్ (నోరు తెరిచి ఉంచే అడ్డు) పెడితే నోరు మూసే గొడవే ఉండదు. దానికి ఫ్లాస్ కట్టి బయటికి వదలడం మరవొద్దు.

పై మోలార్లకు పెరోటిడ్ అనే ఉమ్ము గ్రంథి నాళం బుగ్గలో తెరుచుకునే చోట డ్రై యాంగిల్ (ఉమ్ము పీల్చే మూడు మూలల ప్యాడ్) అంటించి, పక్కన ఒక రోల్ పెడితే సరిపోతుంది. తీసే ముందు దాని మీద కొంచెం నీళ్లు చల్లండి, లేదంటే బుగ్గ పొర ఊడొస్తుంది.

ఎవరూ అనుమానించని దొంగ త్రీ-వే సిరంజ్, అంటే గాలి, నీళ్లు కొట్టే గొట్టం. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు, ఆయిల్ గాలితోపాటు వస్తాయి. అద్దం మీద గాలి కొట్టి చూడండి, మచ్చ పడితే ఆ గాలి పనికిరాదు. ట్యాంకు రోజూ డ్రెయిన్ చేయాలి. స్కూలు క్యాంపులకు తీసుకెళ్లే చిన్న కంప్రెసర్లకైతే ఇది మరీ ముఖ్యం. గాలిని పన్ను మీదికే, మెల్లగా కొట్టండి. నాలుక కింద నిలిచిన ఉమ్ము మీదికి కొడితే చిట్లి పన్ను మీదే పడుతుంది. ఎచ్ చేసిన భాగమంతా సుద్దలా తెల్లగా మారాలి. మారని చోట మళ్లీ ఎచ్ చేయాల్సిందే.

ఒక్క అసిస్టెంట్‌తో ఒకసారికి ఒక పన్నే చేయండి. తడి పూర్తిగా ఆగదని అనుమానమున్న చోట, ముఖ్యంగా కింది మోలార్ బుగ్గ వైపు గుంటలో, సీలెంట్‌కు ముందు బాండింగ్ ఏజెంట్ (పన్నుకు సీలెంట్‌ను అతికించే ద్రవం) పలచగా రాసి గాలితో పరచండి. సీలెంట్ కొద్దిగానే వేసి, ప్రోబ్ (సన్నటి మొన ఉన్న పరీక్ష పరికరం) మొనతో గాడిలోకి నడిపి బుడగలు తీసేయండి. 20 సెకన్లు, లేదా కంపెనీ చెప్పినంతసేపు, లైట్ మొనను దగ్గరగా పెట్టి క్యూర్ చేయండి, అంటే గట్టిపరచండి.

సగమే వచ్చిన పన్ను సంగతి వేరు. వెనక భాగం మీద చిగురు కప్పి ఉంటే దాని అంచు నుంచి ఊరే తడిని ఏ కాటనూ ఆపలేదు. అక్కడ రెజిన్ వేయడం దండగ అని నా అభిప్రాయం. కొంత తడిని తట్టుకునే గ్లాస్ అయానమర్ సిమెంట్ వేయండి. పాలిఅక్రిలిక్ కండిషనర్ (పన్ను పైభాగాన్ని శుభ్రం చేసే మెత్తటి యాసిడ్) 10 సెకన్లు రాసి కడిగి, నీళ్లు నిలవకుండా తీస్తే చాలు, పొడిపొడిగా ఎండబెట్టొద్దు. వాజలీన్ రాసిన వేలితో గాడుల్లోకి నొక్కిపెట్టండి. కొన్నాళ్లకు పైపైన ఊడినట్టు కనిపించినా గాడుల అడుగున కొంత మిగులుతుంది. పన్ను పూర్తిగా వచ్చాక రెజిన్ వేయొచ్చు.

రబ్బర్ డ్యామ్‌ను మాత్రం అంత తేలిగ్గా వదిలేయకండి. చిగురు మొద్దుబారేలా టాపికల్ జెల్ రాసి, "పన్నుకి రెయిన్‌కోటు వేద్దాం" అని ముందు చేతివేలికి తొడిగి చూపిస్తే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. పూర్తిగా రాని మోలార్‌కు పట్టు కిందికి వంగి ఉండే 14ఏ క్లాంప్ (డ్యామ్‌ను పన్నుకు పట్టి ఉంచే క్లిప్) వాడండి.

లైట్ ఆగగానే కాటన్ తీయకండి. ప్రోబ్‌తో అంచుల్ని, ముఖ్యంగా వెనక అంచును, లేపడానికి గట్టిగానే ప్రయత్నించండి. లేచిందంటే అక్కడ తడి తగిలిందన్నమాట. దాని మీదే ఇంకో చుక్క వేసి కప్పేయకుండా, లేచినంత మేరా తీసేసి మళ్లీ ఎచింగ్ నుంచి మొదలుపెట్టండి. నిలిచిందంటే పైనున్న గట్టిపడని జిగురు పొరను తడి కాటన్‌తో తుడిచేయండి. అది చేదుగా ఉంటుంది, నోట్లో ఆ రుచి మిగిలితే రెండో పన్నుకి ఆ పిల్లలు మీకు నోరు తెరవరు.