పికప్ అమ్మేవాళ్లు ముందు చూసుకోవాల్సింది పేరు మార్పు

బ్రోకర్ లేకుండా పాత డీజిల్ పికప్‌ను నేరుగా అమ్ముకోవచ్చా, ఎంత రేటు వస్తుంది అని అడిగారు. అమ్ముకోవచ్చు. రేటు మాత్రం బండి చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఫోన్ చేసి "లాస్ట్ ఎంత?" అనేవాళ్లతో టైమ్ వృథా, వాళ్లలో ఒక్కరూ రారు.

మాది నరసన్నపేట దగ్గర. ఉద్దానం నుంచి కొబ్బరికాయలు తోలడానికి బొలెరో పికప్ ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలన్నీ పడగొట్టేసింది. లోడ్లు లేకపోయినా టాక్సు, ఇన్సూరెన్సు ఆగవు కదా. మరుసటి ఏడాది 3 లక్షల 20 వేలకు టెక్కలి వైపు కుర్రాడికి అమ్మేశాను.

పొద్దున్నే ఆరింటికి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, "అన్నయ్యా, ముందే స్టార్ట్ చెయ్యలేదు కదా?" అన్నాడు. స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి పొగ తన్నుతోందేమో చూశాడు. బండి తెలిసినవాడని నచ్చాడు. డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చాడు. వారంలో పేరు మార్చుకుంటానంటే, పేరు మార్పుకు రవాణా ఆఫీసులో ఇచ్చే ఫారం 29, 30 ఖాళీగానే సంతకాలు పెట్టి ఇచ్చేశాను.

ఎనిమిది నెలలకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. బండి హైవే మీద బైకును గుద్దింది. కుర్రాడు అప్పటికే ఇంకొకరికి అమ్మేశాడు, ఇన్సూరెన్సు అయిపోయింది, ఆర్‌సి ఇంకా నా పేరు మీదే ఉంది. అమ్మేశానంటే ఎవరూ వినలేదు. ఆర్‌సిలో పేరున్నవాడే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టే చెప్పిందని వకీలు చెప్పాకే తెలిసింది. లోక్ అదాలత్‌లో రాజీకి నా వంతు 80 వేలు కట్టాను. దెబ్బ తగిలినాయన తాపీమేస్త్రి, కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన్ని చూశాక డబ్బు పోయిందన్న బాధ నోట రాలేదు. మన దగ్గర ఈ ఖాళీ సంతకాల అలవాటు పోవాలి.

రెండో బండి విజయనగరం ఆయనకు అమ్మినప్పుడు ఫారాల్లో అన్నీ నింపాకే సంతకం పెట్టాను. బండి అప్పగించిన తేదీ, టైము రసీదు మీద రాయించుకున్నాను. అమ్మిన 14 రోజుల్లోపు రవాణా ఆఫీసుకు తెలియజేయడం అమ్మినవాడి పని, అదీ చేశాను. ఫైనాన్స్ ఉన్న బండి కాబట్టి, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసి, ఆర్‌సిలో ఆ అప్పు తీసేయించే ఫారం 35 ముందే తెచ్చిపెట్టుకున్నాను. పేరు మారేదాకా పది వేలు ఆయన దగ్గర, రెండో తాళం నా దగ్గర ఆపి ఉంచుదామన్నాను, ఆయన కాస్త నొచ్చుకున్నాడు. ఆర్‌సి ఆయన పేరు మీదకు వచ్చిన రోజున ఆ పది వేలు తీసుకుని, రెండో తాళం ఇచ్చాను.