చిన్న మిల్లింగ్ మెషీన్‌కు బాల్ స్క్రూలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బల్ల మీద పెట్టుకునే చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మిల్లింగ్ మెషీన్‌ను, టేబుల్‌ను జరిపే మామూలు లీడ్ స్క్రూలతోనే నడుపుతున్నాను. గుండ్రని రంధ్రం కోసినప్పుడు లోపలి అంచు మీద నాలుగు చోట్ల చిన్న మెట్టు పడుతోంది. సాఫ్ట్‌వేర్‌లో 0.2 మి.మీ. బ్యాక్‌లాష్ (స్క్రూ దిశ మారినప్పుడు బయటపడే వదులు) సవరణ ఇచ్చినా అది పూర్తిగా పోలేదు. బాల్ స్క్రూలు (నట్‌లోని చిన్న గుండ్ల మీద దొర్లే స్క్రూలు) వేస్తే ఈ దోషం పోతుందా? ఎలాంటివి ఎంచుకోవాలి?

జవాబు: ఆ నాలుగు మెట్లు పడుతున్నవి ఎక్స్ గానీ వై గానీ అక్షం దిశ మార్చుకునే చోట్లలోనే. స్క్రూ వెనక్కి తిరగడం మొదలుపెట్టాక, థ్రెడ్‌కు నట్‌కు మధ్య ఉన్న ఖాళీ తీరేదాకా టేబుల్ కదలదు. సాఫ్ట్‌వేర్ సవరణ చేసేదల్లా ఆ ఖాళీ మేరకు స్క్రూను అదనంగా తిప్పడమే. టేబుల్‌ను పట్టి ఉంచే శక్తి దానికి లేదు. క్లైంబ్ మిల్లింగ్‌లో (టేబుల్ కదిలే దిశలోనే కట్టర్ పళ్లు కోసే పద్ధతిలో) పళ్లు కోసే ముక్కను తమ వైపు లాక్కుంటాయి కాబట్టి, ఖాళీ ఎంత ఉంటే అంత మేర టేబుల్ ఒక్కసారిగా ముందుకు జరుగుతుంది. అందువల్ల సవరణ విలువ ఎంత జాగ్రత్తగా ఇచ్చినా కోతలో గుర్తు మిగులుతుంది. ఖాళీనే తీసేయడం తప్ప దీనికి వేరే మందు లేదు, ఆ పనికి బాల్ స్క్రూ తగినదే.

అయితే డబ్బు పెట్టే ముందు ఆ 0.2 మి.మీ. ఎక్కడెక్కడ దాగి ఉందో కొలిచి తీరాలి. మోటార్లకు కరెంటు ఇచ్చి స్క్రూలు తిరగకుండా ఉంచండి. డయల్ గేజ్‌ను మెషీన్ కాలమ్‌కు అమర్చి, దాని ముల్లు కొన టేబుల్ చివరకు తాకేలా పెట్టి, టేబుల్‌ను చేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు గట్టిగా నెట్టి మొత్తం తేడా రాసుకోండి. ఆ తర్వాత గేజ్ కొనను స్క్రూ చివరి ముఖానికి తాకించి మళ్లీ అలాగే నెట్టండి. ఇప్పుడు స్క్రూయే ముందుకూ వెనక్కూ కదులుతున్నట్టు కనిపిస్తే, ఆ భాగం బేరింగ్‌ల వదులు వల్ల వచ్చినది. మొత్తం 0.2లో స్క్రూ కదలిక 0.08 ఉందనుకుంటే, ఎంత ఖరీదైన బాల్ స్క్రూ వేసినా ఆ పాత బేరింగ్‌లలోనే బిగిస్తే 0.08 అలాగే మిగులుతుంది. గేజ్‌ను టేబుల్ పక్కకు తిప్పి పెట్టినప్పుడు టేబుల్ మెలి తిరుగుతున్నట్టు తేలితే, దోషం గిబ్‌లది, అంటే టేబుల్ జారే గాడిలో వదులు సర్దే పట్టీలది. దాన్ని ఖర్చు లేకుండా ఈ రోజే సరిచేసుకోవచ్చు.

స్క్రూ ఎంపిక విషయానికి వస్తే, ఈ పరిమాణం మెషీన్లకు ఎక్కువగా వాడేది ఎస్‌ఎఫ్‌యు 1605 రకం, అంటే 16 మి.మీ. వ్యాసం, ఒక చుట్టుకు 5 మి.మీ. నడక. దాని నట్ ఒంటి వ్యాసం 28 మి.మీ. ఉంటుంది కాబట్టి శాడిల్ (టేబుల్‌ను మోసే భాగం) కింద అంత చోటు ఉందో లేదో ముందే కొలవాలి. చోటు చాలని చోట శాడిల్ అడుగు భాగాన్ని కొంత చెక్కడం కంటే, పోత పల్చగా ఉన్నట్లయితే, 12 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. నడక గల 1204 రకానికి దిగడమే మేలని నా అభిప్రాయం. బలహీనపడిన శాడిల్ కోత ఒత్తిడికి వంగితే బాల్ స్క్రూ వల్ల వచ్చిన లాభమంతా పోతుంది.

ఖచ్చితత్వంలో సి7 శ్రేణి స్క్రూకు 300 మి.మీ. పొడవు మీద సుమారు 0.05 మి.మీ. తేడా అనుమతిస్తారు, సి10కి అది 0.21 మి.మీ. వరకు ఉంటుంది. మీ పనికి రోలింగ్ పద్ధతిలో చేసిన సి7 చాలు, గ్రైండింగ్ చేసిన ఖరీదైన స్క్రూ అవసరం లేదు. నడకలోని తేడా ఎప్పుడూ ఒకే చోట ఒకే విధంగా వస్తుంది కాబట్టి దాన్ని సాఫ్ట్‌వేర్ పట్టికతో సరిదిద్దవచ్చు. అందుకే మిగిలిన డబ్బును నట్ మీద పెట్టమంటాను. మామూలు సింగిల్ నట్‌లో కూడా కొద్దిపాటి వదులు ఉంటుంది. కొన్ని మైక్రాన్లు పెద్దవైన బాల్స్ వేసి ప్రీలోడ్ చేసిన (ముందే ఒత్తిడి పెట్టి వదులు తీసేసిన) నట్ గానీ, డబుల్ నట్ గానీ అడిగి తీసుకోండి.

మోటార్ మార్చాలా అన్న సందేహం కూడా వస్తుంది. మామూలు లీడ్ స్క్రూ సామర్థ్యం 20 నుంచి 40 శాతం, బాల్ స్క్రూది సుమారు 90 శాతం. మీ పాత స్క్రూ నడక 2 మి.మీ., సామర్థ్యం 30 శాతం అనుకుంటే, 1 న్యూటన్ మీటర్ టార్క్‌కు దాదాపు 940 న్యూటన్ల తోపు వస్తుంది. 5 మి.మీ. బాల్ స్క్రూతో అదే మోటార్ 1,130 న్యూటన్ల దాకా ఇస్తుంది, పైగా అదే వేగంతో తిరుగుతూ టేబుల్‌ను రెండున్నర రెట్లు వేగంగా నడుపుతుంది. కాబట్టి మోటార్ పాతదే ఉండనివ్వండి. ఒక చుట్టుకు 2,000 పల్స్‌లు ఇచ్చే అమరికలో మిల్లీమీటరుకు 1,000 పల్స్‌లుగా ఉన్న విలువను 400గా మార్చడం మాత్రం మరచిపోకూడదు.

బిగింపు దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. స్క్రూ ఒక చివర యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగ్‌ల (పొడవు దిశలో పడే తోపును కూడా తట్టుకునేవి) జతలో, లాక్ నట్‌తో ప్రీలోడ్ చేసి, కదలకుండా ఉండాలి. రెండో చివర బేరింగ్ స్క్రూను మోస్తే చాలు, పొడవునా బిగించి పట్టుకోకూడదు. నట్ బ్రాకెట్ బోల్టులను వదులుగా ఉంచి, టేబుల్‌ను బేరింగ్ బ్లాక్‌కు వీలైనంత దగ్గరగా తెచ్చి, నట్ తనకు తానుగా కుదురుకున్నాక బిగించండి. తర్వాత రెండో చివరకు నడిపి, చేత్తో తిప్పినప్పుడు అంతటా ఒకే బరువుగా ఉందో లేదో చూడండి. బేరింగ్ దగ్గరికి వచ్చేసరికి బరువెక్కుతుంటే ఎత్తులో తేడా ఉన్నట్టే. బ్రాకెట్ కింద షిమ్ (పల్చని రేకు) వేసి సరిచేయాలి. బోల్టులతో లాగి సర్దేస్తే నట్‌లోని బాల్స్ త్వరగా అరిగిపోతాయి. బ్రాకెట్లు, బ్లాకులు అన్నీ ఈ మెషీన్ మీదే చేసుకునేట్టయితే, దాన్ని విప్పకముందే చేసి పెట్టుకోండి.

ప్రశ్న: జెడ్ అక్షానికి కూడా బాల్ స్క్రూ వేశాను. కరెంటు ఆపగానే హెడ్ మెల్లగా కిందికి జారుతోంది. కారణం ఏమిటి?

జవాబు: ఘర్షణ తక్కువగా ఉండటమే కారణం. లీడ్ స్క్రూను బరువు తిప్పలేదు, బాల్ స్క్రూను తిప్పగలదు. హెడ్ 20 కిలోలు ఉందనుకుంటే 5 మి.మీ. నడక గల స్క్రూ మీద సుమారు 0.14 న్యూటన్ మీటర్ల టార్క్ పడుతుంది. కరెంటు లేని స్టెప్పర్ మోటార్‌లో మిగిలే కొద్దిపాటి పట్టు దీనికి చాలదు. గిబ్‌లను బిగించి ఆపే ప్రయత్నం చేయవద్దు. నూనె పడ్డాక మళ్లీ జారుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ మోటార్ కరెంటును తెంచే విధంగా ఉంటే, చేయి కట్టర్ కింద ఉన్న క్షణంలోనే హెడ్ దిగే ప్రమాదం ఉందని గమనించండి. కరెంటు పోగానే స్ప్రింగ్ బలంతో పట్టుకునే బ్రేక్ వేయడం క్షేమం. గ్యాస్ స్ప్రింగ్ గానీ ఎదురు బరువు గానీ మోటార్ భారాన్ని తగ్గిస్తాయి, కానీ బ్రేక్‌కు బదులు కావు. ఇంకా పని మొదలుపెట్టని పాఠకులకు నా సలహా, ముందు ఎక్స్, వై మార్చి జెడ్‌ను అలాగే ఉంచి చూడమని. హెడ్ బరువే అక్కడి ఖాళీని ఎప్పుడూ ఒక వైపుకు ఆనించి ఉంచుతుంది కాబట్టి చాలా పనులకు పాత స్క్రూ సరిపోతుంది.

ప్రశ్న: స్క్రూ చివరలను లేత్ మీద తిప్పడానికి నట్ బయటికి తీస్తే బాల్స్ రాలిపోయాయి. మళ్లీ ఎక్కించవచ్చా?

జవాబు: ఎక్కించవచ్చు. స్క్రూ థ్రెడ్ అడుగు వ్యాసం కంటే కాస్త సన్నని గొట్టాన్ని నట్ లోపల ఉంచి, గ్రీజు సాయంతో బాల్స్‌ను ఒక్కో వరుసలో అంటించుకుంటూ వెళ్లండి. వరుసను కిక్కిరిసేలా నింపకుండా కొద్దిగా సందు వదలాలి, రెండు వరుసల మధ్య ఖాళీ గాడిలో ఒక్క బాల్ కూడా మిగలకూడదు. గొట్టాన్ని స్క్రూ చివరకు ఆనించి నట్‌ను నెమ్మదిగా తిప్పుతూ స్క్రూ మీదికి జరపండి. స్క్రూ పైపొర గట్టిపరచి ఉంటుంది కాబట్టి చివరలను తిప్పేటప్పుడు ముందు ఆ పొరను గ్రైండ్ చేసి, ఆపై కార్బైడ్ టూల్ వాడండి. గ్రైండింగ్ రజను నట్‌లో చేరకుండా దాన్ని ఆ గదిలోనే ఉంచకండి. చివరగా బేరింగ్‌లకు వాడే లిథియం గ్రీజు పెట్టండి, గ్రాఫైట్ గానీ మాలిబ్డినం గానీ కలిసిన గ్రీజు వద్దు.