పాట ఒక పెన్నీ, కూలి ఒక పెన్నీ

ప్రశ్న (మంగళగిరి నుంచి ఒక ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థిని): మాకు ఎలిజబెత్ రాణి కాలం అంటే షేక్‌స్పియర్, మార్లో, స్పెన్సర్, అంతటితో సరి. మొన్న ఒక పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో థామస్ డెలోనీ అనే పేరు, పక్కన 'పట్టు నేతగాడు' అని చూశాను. మాదీ నేత ఇల్లేనండి, నాన్నగారు ఇప్పటికీ గుంట మగ్గం మీదే నేస్తారు. ఆయన నిజంగా నేత పని చేసినవాడేనా? ఏది ముందు చదవమంటారు?

జవాబు: నిజంగా నేసినవాడేనమ్మా. ఆ కాలంలో పెద్ద చదువులు చదివిన థామస్ నాష్ 1596లో ఆయన్ని 'పాటలు కట్టే పట్టు నేతగాడు' అని వెటకారంగా రాశాడు. వెటకారానికి అన్నా ఆ మాట మనకి సాక్ష్యంగా మిగిలింది. 1588లో స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండ్ మీదికి వచ్చి ఓడిపోయినప్పుడు ఆ గెలుపు మీద వెంటవెంటనే పాటలు కట్టింది ఈయనే. తర్వాత 1595లో, ఫ్రాన్స్ నుంచి, డచ్ దేశం నుంచి వచ్చిన నేతపనివాళ్లు సంఘం కట్టుబాట్లు పాటించకుండా ఎక్కువ మగ్గాలు పెడుతున్నారని లండన్ నేతగాళ్లు ఒక ఫిర్యాదు అచ్చు వేయిస్తే, అందులో చెయ్యి ఉందని డెలోనీని, ఇంకొందరిని న్యూగేట్ జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది ఇంకో గొడవ. వరసగా పంటలు పోయి ధాన్యం ధర మండిపోతున్న రోజులవి. రాణిగారే జనంతో మాట్లాడుతున్నట్టు, కరువు తీరే దారి చెబుతున్నట్టు ఆయన ఒక పాట కట్టాడు. రాణి నోట అలాంటి మాటలు పెట్టడం ఏమిటని లండన్ మేయర్ మండిపడి మనిషి కోసం వెతికించాడు, దొరకలేదు. బహుశా ఆ తర్వాతే పాట పక్కన పెట్టి వచనం పట్టుకున్నాడని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే 1597 నుంచి వరసగా కథలే వచ్చాయి. బట్టల వ్యాపారి మీద 'జాక్ ఆఫ్ న్యూబరీ', చెప్పులు కుట్టేవాళ్ల మీద 'ద జెంటిల్ క్రాఫ్ట్' రెండు భాగాలు, మళ్లీ బట్టల వ్యాపారుల మీద 'థామస్ ఆఫ్ రీడింగ్'. 1600 నాటికే ఆయన పోయాడు, అదీ పేదరికంలో.

'జాక్ ఆఫ్ న్యూబరీ'తో మొదలుపెట్టు. జాక్ ఒక నేత ఇంట్లో పనివాడు, యజమాని చనిపోతాడు, యజమానురాలు ఇతని మీద మనసుపడి తనే చొరవ చేసి పెళ్లి చేసుకుంటుంది (ఆ భాగం మొత్తం ఆవిడదే, చదివి తీరాలి). జాక్ ఎదుగుతాడు. ఎనిమిదో హెన్రీ ఆ ఊరికి వస్తున్నప్పుడు జాక్ ఒక చీమల పుట్టకి కాపలా కాస్తూ నిలబడతాడు. నేను చీమల రాజుని, సీతాకోకచిలుకలు వచ్చి నా జనాన్ని పాడుచేస్తున్నాయి, వదిలి రాలేను అని కబురు పెడతాడు. చీమలెవరో, రంగురంగుల రెక్కల వాళ్లెవరో విన్నవాళ్లకి వెంటనే తెలుస్తుంది. రాజు నైట్ బిరుదు ఇస్తానంటే వద్దంటాడు, నా పనివాళ్ల మధ్య బట్టల వ్యాపారిగానే బతకనివ్వండి అంటాడు. ఇంత ధైర్యంగా పనిచేసేవాళ్ల వైపు నిలబడి రాసిన వచనం ఆ రోజుల్లో ఇంకెక్కడుందో చెప్పమని మీ ప్రొఫెసర్‌ గారిని నేనడిగానని అడుగు.

ఆ పుస్తకం తొలి ముద్రణ ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదు. ఇప్పుడున్న వాటిలో పాతది 1619 నాటిది. చేతులు మారి మారి, చదివి చదివి చింపేశారు. పెద్దవాళ్ల లైబ్రరీల్లో భద్రంగా కూర్చున్న పుస్తకాలకి ఆ అదృష్టం లేదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): ఆ కాలపు బ్యాలడ్ అంటే పాటా, పేపరా? చదువురాని జనం ఎలా కొన్నారు?

జవాబు: రెండూనండి. ఒకే కాగితం, ఒక వైపే అచ్చు, పైన చెక్క మీద చెక్కిన బొమ్మ, కింద దళసరి పాతకాలపు అక్షరాల్లో పాట. స్వరాలు మాత్రం దాదాపుగా ఉండవు. మన పాత పాటల పుస్తకాల్లో పాట నెత్తిన 'ఫలానా పాట వరస' అని వేసేవాళ్లు చూడండి, సరిగ్గా అలాగే వాళ్లూ ఫలానా పాట వరస అని ఒక్క ముక్క వేసేవాళ్లు. 'గ్రీన్ స్లీవ్స్' వరసలో ఎన్ని పాటలొచ్చాయో, ఉరికంబం ఎక్కేవాళ్ల ఏడుపు పాటలకి 'ఫార్చ్యూన్ మై ఫో' వరస అంతగా స్థిరపడిపోయింది. అమ్మేవాడు సంతలో ఎత్తైన చోట నిలబడి సగం పాడి ఆపుతాడు, మిగతాది కావాలంటే కొనుక్కోవాలి. ధర ఒక పెన్నీ. చదువు రాకపోయినా వరస ముందే తెలుసు కాబట్టి రెండుసార్లు వింటే వచ్చేస్తుంది. కొన్న కాగితం సారా దుకాణం గోడకో, ఇంటి గోడకో అంటించేవాళ్లు. బొమ్మలు కూడా మళ్లీమళ్లీ వాడినవే, ఒకే చెక్క అచ్చు ఒక పాటలో రాజు, ఇంకో పాటలో ప్రియుడు.

ఇన్ని పోగా కొన్ని నిలిచాయంటే పోగేసిన వాళ్ల పుణ్యమే. డైరీ రాసిన శామ్యూల్ పెపిస్ సేకరించినవే 1,800 పైచిలుకు, కేంబ్రిడ్జ్‌లోని మాడ్లిన్ కాలేజీలో ఉన్నాయి. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు వాటిని, ఇంకా చాలా వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టారు, వరస తెలిసిన వాటిని పాడించి కూడా. సినిమా హాలు బయట పాటల పుస్తకం కొనుక్కుని ఇంటిదాకా పాడుకుంటూ వెళ్లిన తరం మీదైతే తప్పకుండా వినండి.

ప్రశ్న (వరంగల్ నుంచి): చెప్పులు కుట్టే సైమన్ ఐర్ లండన్ మేయర్ అయ్యాడని ఒక నాటకం గురించి చదివాను. నిజమేనా?

జవాబు: మేయర్ అయ్యింది నిజం, 1445లో. చెప్పులు కుట్టాడన్నది నిజం కాదు, ఆయన బట్టల వ్యాపారి. డెలోనీ 'ద జెంటిల్ క్రాఫ్ట్'లోని కథలో చెప్పుల పనివాడయ్యాడు, అక్కడి నుంచి థామస్ డెక్కర్ 1599లో నాటకంగా మలిచాడు.

కానీ ఆ పుస్తకంలో నాకు ప్రాణమైన కథ అది కాదు. హ్యూ అనే రాజకుమారుడు ఉన్నదంతా పోగొట్టుకుని చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర చేరతాడు, వాళ్లు పని నేర్పి అన్నం పెడతారు. చివరికి అతనికి మరణశిక్ష పడుతుంది. స్నేహితులకి ఇవ్వడానికి ఏమీ లేదు, నా ఎముకలు మీకు ఇస్తున్నా అంటాడు. వాళ్లు వాటిని తెచ్చి పనిముట్లు చేసుకుంటారు. ఆరె, సుత్తి, ఇలా చెప్పుల పనివాడి సంచిలో ఉండే సామానంతటికీ కలిపి 'సెయింట్ హ్యూ ఎముకలు' అనే పేరు అందుకే. మన దగ్గర డక్కలివాళ్లు మాదిగలకి జాంబపురాణం చెబుతారు, కూనపులివాళ్లు పద్మశాలీలకి పటం విప్పి మార్కండేయ పురాణం పాడతారు. ఊరు తక్కువగా చూసిన పనికి, పుట్టుకలోనే గొప్పతనం ఉందని చెప్పే కథ కావాలి కదా. ఇంగ్లండ్‌లో అది పెన్నీ కాగితాల్లో, చవక పుస్తకాల్లో దొరికింది.

ప్రశ్న (సిరిసిల్ల నుంచి): జాక్ ఇంట్లో 200 మగ్గాలు అని విన్నాను. నేతగాళ్లకి అంత మంచి రోజులు నిజంగా ఉన్నాయా? మా నాన్న కూలి లెక్కలు చూసి పెరిగినవాణ్ణి, నమ్మబుద్ధి కావట్లేదు.

జవాబు: నమ్మకండి, కానీ చదవండి. జాక్ కథకి మూలమైన జాన్ వించ్‌కూంబ్ అనే బట్టల వ్యాపారి నిజంగానే న్యూబరీలో ఉన్నాడు, 1520 ప్రాంతంలో చనిపోయాడు, ఆయన ఇల్లు కొంత భాగం ఆ ఊరి నార్త్‌బ్రూక్ వీధిలో ఇంకా నిలిచే ఉంది. 200 మగ్గాలు మాత్రం పాటలోవి. కథ మధ్యలో ఆ పాట వస్తుంది: పొడవాటి గదిలో వరసగా 200 మగ్గాలు, ఒక్కో మగ్గం పక్కన ఒక పిల్లవాడు ఆనందంగా కండెలు చుడుతూ, పక్క గదిలో 100 మంది ఆడవాళ్లు ఉన్ని దువ్వుతూ, ఇంకో గదిలో 200 మంది అమ్మాయిలు వడుకుతూ పాడుతూ. డెలోనీ రాసే నాటికి పరిస్థితి వేరు. 1555 చట్టం పట్నాల బయట నేతగాడికి రెండు మగ్గాలకి మించి ఉండకూడదంది, చాలామంది నేసేది ఇంట్లోనే, నూలు ఇచ్చేదీ కూలి కట్టేదీ వ్యాపారే. ఈ పద్ధతి మీకు నేను వివరించక్కర్లేదు.

డెలోనీ చూపించని ఆ లెక్క ఇంకో పాటలో ఉంది, తర్వాతి వందేళ్లలో అచ్చైన 'ద క్లాథియర్స్ డిలైట్'. అందులో వ్యాపారులే గొంతు కలిపి పాడుతుంటారు. కూలి ఎలా తగ్గిస్తామో, తప్పు లేని గుడ్డలో తప్పు వెతికి డబ్బు ఎలా కోస్తామో, బేరం బాగున్నా మార్కెట్ పడిపోయిందని పనివాళ్లకి ఎలా చెబుతామో, శాపనార్థాలు తగిలినా సంచి నిండితే చాలని. వ్యాపారి నోటితోనే చెప్పించడం వల్ల ఆ పాట అంత కోసుకుపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే నాకు తృప్తి, ఒకటి పని ఎలా ఉండాలని కోరుకున్నారో చెబుతుంది, ఇంకొకటి ఎలా ఉందో.

నిజానికి జాక్ పాటలోనూ ఒకచోట లెక్క బయటపడుతుంది. ముతక ఉన్నిలోంచి మంచిది ఏరడానికి 150 మంది పేదవాళ్ల పిల్లలు కూర్చుంటారు. పగలంతా తిండి పెట్టి, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు చేతిలో పెట్టే కూలి ఒక పెన్నీ. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ పంక్తి దగ్గరే ఆగిపోయాను. సంతలో పాట కాగితం ఖరీదూ అంతే. రోజంతా ఉన్ని ఏరిన పిల్లవాడు ఆ పెన్నీ పట్టుకుని సంతకెళ్తే, ఒక్క పాట వస్తుంది.