మోకాలి లోపలి కొవ్వుకీ కీళ్ల అరుగుదలకీ సంబంధం ఏంటి?

సన్నగా ఉండే మీ అమ్మగారికి ఎంఆర్ఐలో 'హాఫా ఫ్యాట్ ప్యాడ్ వాపు' అని రాశారు, ఒంట్లో కొవ్వే లేని మనిషికి ఇదెక్కడిది అని అడిగారు. హాఫా ఫ్యాట్ ప్యాడ్ అంటే మోకాలి చిప్ప కింద మెత్తలా ఉండే కొవ్వు, ఇది పొట్ట కొవ్వు లాంటిది కాదండీ. బాగా చిక్కిపోయినవాళ్లలో కూడా ఇది అంత తేలిగ్గా కరగదు.

కాలు చాపి, మోకాలి చిప్ప కింద ఉండే గట్టి నరంలాంటి దానికి అటూ ఇటూ వేలితో నొక్కండి, మెత్తగా తగిలేది అదే. జర్మన్ సర్జన్ ఆల్బర్ట్ హాఫా 1904లో దీని జబ్బు గురించి రాశాడు కాబట్టి ఆ పేరు. కాలు మడిచినప్పుడల్లా ఖాళీల్లోకి జరుగుతూ కుషన్‌లా పనిచేస్తుంది.

గొడవెక్కడంటే, దీన్నిండా నొప్పి తెలిపే నరాలు ఉంటాయి, పైగా కీలు లోపలి పొరకి ఆనుకునే ఉంటుంది. అరుగుదల మొదలైన మోకాల్లో ఇది ఐఎల్-6, లెప్టిన్ లాంటి రసాయనాలు వదులుతుంది, అవి పొరని వాపెక్కిస్తాయి, ఆ వాపు మళ్లీ దీన్ని రెచ్చగొడుతుంది. అందుకే ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే కనిపించినా సింహాచలం మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి రావచ్చు (మా అత్తకి అచ్చం ఇంతే, ఎక్కడం కంటే దిగడమే నరకం). అరుగుదలకి ఇదే మూలమా, లేక దానివల్ల ఇది పాడవుతుందా అన్నది ఇంకా తేలలేదు.

రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడకండి, తీయించేయాలనీ అనుకోకండి. తొడ కండరాల వ్యాయామాలు ఫిజియో దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి, బీచ్ రోడ్డులో చదునుగా ఉన్నచోట నడిస్తే చాలు, కైలాసగిరి మెట్లు మాత్రం ఇప్పుడప్పుడే వద్దు.