రైతు పేరుతో వచ్చిన ఒక్క పేజీ

"లాబీయిస్టులు రాతలతో ఎంపీలను ఎలా ఒప్పిస్తారు?" అని అడిగారు. లాబీయిస్టులంటే కంపెనీల్లాంటివాళ్ల తరఫున ఎంపీలను, ప్రభుత్వాన్ని ఒప్పించే పని చేసేవాళ్లు. ఢిల్లీలో ఒక ఎంపీ గారి దగ్గర మూడేళ్లు వచ్చే ఉత్తరాలు చూసుకున్నాను. నేను చూసినంతలో వాదించి ఒప్పించడం తక్కువ. ఎంపీ గారు రాయాల్సింది వాళ్లే రాసి చేతిలో పెడతారు.

2015లో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మను 85 శాతానికి పెంచాలన్న నిబంధన మీద పెద్ద గొడవ నడిచింది. అప్పుడొకరోజు మంచి మందపాటి కాగితం మీద ఒకే ఒక్క పేజీ వచ్చింది. బొమ్మ పెరిగితే దొంగ సిగరెట్లు పెరుగుతాయి, ప్రకాశం జిల్లా పొగాకు రైతు రోడ్డున పడతాడు అని సారాంశం. కింద సభలో వేయాల్సిన ప్రశ్న కూడా ఉప ప్రశ్నలతో సహా సిద్ధంగా ఉంది. సార్ బయల్దేరే హడావుడిలో ఉన్నారు. దాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి సంతకానికి పెట్టింది నేనే.

అదే వారం అదే జిల్లాలోని కొండపి వైపు నుంచి ఒక రైతు ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, చేతిరాత. మొదటి రెండు పేజీలూ పొగడ్తలే. మూడో పేజీలో గానీ విషయానికి రాలేదు: వేలంలో పొగాకు బేళ్లకు నో బిడ్ (కొనేవాళ్లు లేరు) అంటున్నారు, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కౌలు కూడా గిట్టలేదు, అప్పులవాళ్లు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. అందులో బొమ్మ ఊసే లేదు. రైతు పేరు చెప్పిన ఆ ఒక్క పేజీలో ధర ఊసే లేదు. ఎందుకుంటుంది? ఆ ధర పెట్టి కొనాల్సింది కంపెనీలే కదా! ఆ ఏడాదే ప్రకాశంలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

మన బళ్లలో లీవ్ లెటర్ రాయడం నేర్పుతారు, వినతిపత్రం నేర్పరు. నాకు దీని మీద చాలా కోపం. ఏం కావాలో మొదటి రెండు వాక్యాల్లో రాయండి, ఫోన్ నంబర్ వేయండి, ఒక్క పేజీ దాటకండి. అమెరికాలో లాబీయిస్టులు ఎవరి తరఫున వచ్చారో నమోదు చేసుకోవాలని 1995లోనే చట్టం చేశారు. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. ఆ కాగితం వెనక ఎవరున్నారో నన్ను అడిగినవాళ్లు లేరు, నేనూ అడగలేదు.

పార్లమెంటరీ కమిటీ ఒకటి 50 శాతం చాలని చెప్పినా, చివరికి 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతమే అమల్లోకి వచ్చింది. కొండపి రైతుకు మాత్రం "మీ లేఖ అందింది, పరిశీలిస్తాం" అని ఒక్క వాక్యం టైపు చేసి పంపాను.