ఫ్రెంచ్ ఫ్రైస్ మెత్తబడిపోతుంటే ముందు ఆలుగడ్డ సంగతి చూడండి

ఇంట్లో ఫ్రైస్ చేస్తే లోపల ఉడక్కముందే పైన నల్లబడుతున్నాయి, తీసిన ఐదు నిమిషాలకే మెత్తబడి వాలిపోతున్నాయి, కార్న్‌ఫ్లోర్ పట్టించినా లాభం లేదు అని రాశారు. నాకూ దాదాపు ఏడాది పాటు అచ్చం ఇలాగే అయ్యేదండీ. మంట తగ్గించి చూశా, పెంచి చూశా, నూనె మార్చా, ముక్కలు ఐసు నీళ్లలో నానబెట్టా. తప్పు ఆలుగడ్డ దగ్గరే జరుగుతోందని చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. చల్లదనానికి గడ్డలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర కాగిన నూనెలో ఇట్టే మాడుతుంది. మీకు నల్లబడటానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉండి వచ్చిన గడ్డ పరిస్థితీ అంతే, ఆగ్రా నుంచి మన హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కి వచ్చే సరుకులో అలాంటిది చాలా ఉంటుంది. దాన్ని తెచ్చాక వంటింట్లో ఎండ తగలని మూల, గాలాడే బుట్టలో ఓ రెండు వారాలు ఉంచండి, చక్కెర బాగా తగ్గుతుంది. పచ్చబడినవి, మొలకలు వచ్చినవి మాత్రం ఏరి పారేయండి.

మెత్తబడటానికి కారణం నీరు. గోటితో గీరితే తొక్క ఊడొచ్చే కొత్త గడ్డలో నీరెక్కువ, అది కూరకు పెట్టుకోండి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ చిప్స్ కోసం కుఫ్రీ చిప్సోనా, ఫ్రైస్ కోసం కుఫ్రీ ఫ్రైసోనా అని ప్రత్యేకంగా రకాలే తయారుచేసింది, వాటిలో నీరూ చక్కెరా తక్కువ, పిండి ఎక్కువ. మన వీధి బండి మీద రకం పేరు చెప్పి అడిగితే దొరకడం కష్టం, అందుకే చిప్స్‌కి వాడే ఆలు ఉందా అని అడుగుతాను, లేదంటే తొక్క ముదిరి, చేతికి బరువుగా, గట్టిగా తగిలేవి, పొడుగ్గా ఉన్నవి ఏరుకుంటాను.

ఇక చేసే తీరు. అరకిలో గడ్డలు ఒక సెంటీమీటరు మందాన కోసి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడగండి. లీటరున్నర నీళ్లలో చెంచా ఉప్పు, పెద్ద చెంచాడు వెనిగర్ వేసి, మరిగాక ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. వెనిగర్ ఎందుకంటే, పులుపు ఉంటే ముక్క ఉడికినా చిదికిపోదు. తర్వాత పాత నూలు చీర ముక్క మీద పరిచి ఫ్యాన్ కింద ఆరనివ్వండి, పైన తడి కనబడకూడదు. ఈ ఆరబెట్టడంలో తొందరపడితే మిగతాదంతా వృథా.

వేయించడం రెండుసార్లు. మొదటిసారి మధ్యస్థపు సెగ మీద, సుమారు 150 డిగ్రీలు, నాలుగైదు నిమిషాలు. రంగు రాకూడదు, పాలిపోయినట్టే ఉండాలి. తీసి కనీసం అరగంట చల్లారనివ్వండి. రెండోసారి 180-190 డిగ్రీలు, రెండు మూడు నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే ఒక వడియం వేసి చూడండి, వేయగానే పొంగి పైకి తేలితే ఆ నూనె రెండోసారి వేయించడానికి సరిపోతుంది. లీటరు నూనెలో అరకిలో ముక్కల్ని మూడు వాయిలుగా వేయండి, ఒకేసారి కుమ్మరిస్తే నూనె చల్లబడి ముక్కలు దాన్ని పీల్చేస్తాయి.

ఎప్పుడు తీయాలో నేను చెవితోనే కనిపెడతాను. ముందు బుసబుసా నురుగు పొంగుతుంది, తర్వాత చప్పుడు సన్నబడుతుంది, అప్పుడు జల్లిగరిటెతో కదిపితే ముక్కలు ఒకదానికొకటి తగిలి ఎండుటాకుల్లా గలగలమంటాయి. సరిగ్గా అప్పుడే తీయాలి.

తీశాక టిష్యూ పేపర్ మీద కుప్ప పోయకండి, మూత అసలు పెట్టకండి, ఆవిరికి కిందివి మెత్తబడతాయి. జల్లెడలోనో జాలీ మీదో పరిచి, వేడి మీదే ఉప్పూ కాస్త కారం చల్లండి. కార్న్‌ఫ్లోర్ నేను పూర్తిగా మానేశాను, అది పైపొరకి కరకర ఇస్తుంది గానీ ఆలు రుచి పోయి బజ్జీ తిన్నట్టుంటుంది.

పిల్లలున్న ఇల్లయితే మొదటిసారి వేయించాక చల్లార్చి, పళ్లెంలో విడివిడిగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక కవర్లో వేసుకోండి. గడ్డకట్టేటప్పుడు లోపలి నీరు మంచు పలుకులై కణాల గోడల్ని చీలుస్తుంది, అందువల్ల రెండోసారి వేయించినప్పుడు తేమ తేలిగ్గా పోయి లోపల ఇంకా గుల్లగా వస్తాయి. ఐసు కరిగేదాకా ఆగొద్దు, పైన అంటుకున్న మంచు పొడి దులిపేసి నేరుగా కాగిన నూనెలో కొద్దికొద్దిగా వేయండి, చిటపటలాడుతుంది కాబట్టి పిల్లల్ని కాస్త దూరంగా ఉండమనండి. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఒక కిలో ఇలా చేసి పెడితే గురువారం దాకా వస్తుంది.