క్రెబ్స్ వలయంలో కనిపించని ఆక్సిజన్

ప్రశ్న: క్రెబ్స్ వలయం మొత్తం రాసినా ఆక్సిజన్ ఎక్కడా రాదు. అయినా ఆక్సిజన్ అందకపోతే వలయం ఆగిపోతుందంటారు. ఎందుకు?

జవాబు: మీరు గమనించింది నిజమే. క్రెబ్స్ వలయం అంటే కణం ఆహారం నుంచి వచ్చిన కార్బన్ ముక్కలను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి శక్తి రాబట్టే చర్యల చుట్టు. ఎనిమిది చర్యల్లో ఒక్కదానిలోనూ ఆక్సిజన్ అణువు పాల్గొనదు. వలయానికి నేరుగా కావలసింది ఎలక్ట్రాన్లను అందుకోగల ఖాళీ ఎన్ఏడీ (ఎలక్ట్రాన్లను మోసే అణువు; అవి ఎక్కాక ఎన్ఏడీహెచ్ అవుతుంది).

గ్లూకోజ్‌ను విడగొట్టే తొలి దశ గ్లైకాలసిస్‌లో ఒక గ్లూకోజ్ నుంచి మూడు కార్బన్ల పైరువేట్లు రెండు వస్తాయి. అవి మైటోకాండ్రియా లోపలి భాగమైన మాత్రికలోకి చేరాక, పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఒక్కోదాని నుంచి ఒక కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా తీసేసి, మిగిలిన రెండు కార్బన్ల ముక్కను కోఎంజైమ్-ఏకి తగిలిస్తుంది. అదే ఎసిటైల్ కోఎంజైమ్-ఏ. ఇక్కడే ఒక ఎన్ఏడీహెచ్ తయారవుతుంది. ఈ చర్య వెనక్కి నడవదు.

ఎసిటైల్ ముక్క నాలుగు కార్బన్ల ఆక్సలోఎసిటేట్‌తో కలిస్తే ఆరు కార్బన్ల సిట్రేట్. తర్వాతి మెట్టును చాలామంది బట్టీపట్టి వదిలేస్తారు గానీ, కాస్త ఆగి చూడాల్సింది దాన్నే. సిట్రేట్‌లో హైడ్రాక్సిల్ నడిమి కార్బన్ మీద ఉంటుంది. ఆ కార్బన్‌కున్న నాలుగు బంధాల్లో మూడు పక్క కార్బన్లతోనే, నాలుగోది హైడ్రాక్సిల్‌తో. ఆక్సీకరణకు తీయాల్సిన హైడ్రోజన్ దాని మీద లేనే లేదు. అందుకే అకోనిటేజ్ అనే ఎంజైమ్ ఒక నీటి అణువును తీసి, మళ్లీ చేర్చేటప్పుడు హైడ్రాక్సిల్‌ను పక్క కార్బన్ మీద పెడుతుంది. అలా వచ్చిన ఐసోసిట్రేట్‌ను ఆక్సీకరించడానికి అడ్డేమీ ఉండదు. వరసగా రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, రెండు ఎన్ఏడీహెచ్‌లు వచ్చి, ఆల్ఫా కీటోగ్లూటరేట్ మీదుగా సక్సినైల్ కోఎంజైమ్-ఏ మిగులుతుంది. (ఈ చుట్టులో బయటికి పోయే కార్బన్లు ఇప్పుడే వచ్చిన ఎసిటైల్‌వి కావు, ఆక్సలోఎసిటేట్‌వి.) సక్సినైల్ నుంచి ఒక జీటీపీ లేదా ఏటీపీ (కణం నేరుగా వాడుకునే శక్తి అణువులు), సక్సినేట్ నుంచి ఒక ఎఫ్ఏడీహెచ్2 (ఎన్ఏడీహెచ్ లాగే ఎలక్ట్రాన్లు మోసేది), చివర మాలేట్ నుంచి మూడో ఎన్ఏడీహెచ్. ఆక్సలోఎసిటేట్ మళ్లీ చేతికొస్తుంది.

అంటే చుట్టుకు నేరుగా దక్కేది ఒక్క జీటీపీయే. మిగతా శక్తంతా ఎలక్ట్రాన్ల రూపంలో ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 మోస్తాయి. వాటి నుంచి ఎలక్ట్రాన్లను లోపలి పొరలోని రవాణా వ్యవస్థ తీసుకుంటుంది, ఆఖరున అందుకునేది ఆక్సిజన్. అది లేకపోతే ఎలక్ట్రాన్లు కదలవు, ఎన్ఏడీహెచ్ ఖాళీ కాదు. మాత్రికలో ఎన్ఏడీ ఉండేది కొంతే కాబట్టి, త్వరలోనే అదంతా నిండిపోతుంది. పైగా పేరుకున్న ఎన్ఏడీహెచ్ పైరువేట్, ఐసోసిట్రేట్, ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేజ్‌లను నేరుగానూ అణచివేస్తుంది. అప్పుడు కండరాల్లో పైరువేట్ లాక్టేట్‌గా మారి సైటోప్లాజమ్‌లో ఎన్ఏడీహెచ్‌ను ఖాళీ చేసి ఎన్ఏడీని తిరిగి అందిస్తుంది. గ్లైకాలసిస్ ఆగదు గానీ, గ్లూకోజ్‌కు దక్కేది 2 ఏటీపీలే.

ప్రశ్న: ఒక పుస్తకంలో గ్లూకోజ్‌కు 38 ఏటీపీ, ఇంకోదాంట్లో 32. ఏది సరి?

జవాబు: 38 పాత లెక్క: ఎన్ఏడీహెచ్‌కు 3, ఎఫ్ఏడీహెచ్2కు 2. ఇప్పుడు 2.5, 1.5గా తీసుకుంటున్నారు. ఆ లెక్కన పైరువేట్ నుంచి వలయం చివరిదాకా 8 ఎన్ఏడీహెచ్‌లకు 20, 2 ఎఫ్ఏడీహెచ్2లకు 3, 2 జీటీపీలు కలిపి 25. మిగతాది గ్లైకాలసిస్‌ది. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకంలోని లెక్కే రాయండి.

ప్రశ్న: విటమిన్ బి1 లోపిస్తే రక్తంలో లాక్టేట్ ఎందుకు పెరుగుతుంది?

జవాబు: పైరువేట్ డీహైడ్రోజినేజ్ పనిచేయాలంటే బి1 (థయమిన్) నుంచి తయారయ్యే థయమిన్ పైరోఫాస్ఫేట్ ఉండాలి. అది తగ్గితే పైరువేట్ ఎసిటైల్‌గా మారలేక లాక్టేట్ వైపు మళ్లుతుంది. వలయంలోని ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేజ్‌కూ అదే కావాలి, కాబట్టి దెబ్బ రెండుచోట్ల. ప్రధానంగా గ్లూకోజ్ మీద ఆధారపడే మెదడు దీన్ని తట్టుకోలేదు. తీవ్ర లోపమున్న రోగికి వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. అందుకే వైద్యులు గ్లూకోజ్‌కు ముందో, దానితోపాటో థయమిన్ ఇస్తారు.